ఫ్యాంటసీ హాకీ కీపర్ లీగ్ – పాఠం 3: అట్టిపెట్టుకున్న ఆటగాడికి ధర కట్టడం

ఫ్యాంటసీ హాకీ అంటే ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లోని అసలు ఆటగాళ్లతో మన జట్టు కట్టుకుని, వాళ్ల ఆటను బట్టి పోటీ పడటం. గత రెండు పాఠాల్లో పది జట్లతో లీగ్ కట్టాం, పదహారు రౌండ్ల డ్రాఫ్ట్‌లో (రౌండ్‌కు జట్టుకొక వంతు, వంతుకొక ఆటగాడు) 160 మంది ఆటగాళ్లను పంచుకున్నాం. ఈసారి కీపర్ల సంగతి. కీపర్ అనగానే మనకు వికెట్ల వెనక నిలబడేవాడు గుర్తొస్తాడు. ఇక్కడ కీపర్ అంటే సీజన్ ముగిశాక కూడా డ్రాఫ్ట్‌లోకి వదలకుండా మీ దగ్గరే అట్టిపెట్టుకునే ఆటగాడు. గోల్ కాసేవాణ్ణి గోలీ అనే పిలుద్దాం.

ఈ లీగుల్లో పేచీలు ఎక్కువగా ఒకే చోట పుడతాయి: అట్టిపెట్టుకున్నందుకు ఏం చెల్లించాలి? ఏమీ అక్కర్లేదంటే ఏమవుతుందో చూడండి. కానర్ మెక్‌డేవిడ్‌ను ఎన్‌హెచ్‌ఎల్ జట్టు ఎడ్మంటన్ ఆయిలర్స్ 2015లో తీసుకుంది. మొదటి ఏడాది కాలర్‌బోన్ విరిగి 45 మ్యాచులే ఆడాడు. 2016-17లో సరిగ్గా 100 పాయింట్లు (తను కొట్టిన గోల్స్, గోల్‌కు అందించిన పాస్‌లు కలిపి), 2022-23లో 153. ధర లేని కీపర్ నియమం ఉన్న లీగ్‌లో, మొదటి ఏడాది అతణ్ణి పట్టుకున్న జట్టు ఆ ఒక్క ఎంపికతో ఏళ్ల తరబడి పైనే కూర్చుంటుంది. మిగతా తొమ్మిది మందికి అతణ్ణి తీసుకునే వంతే రాదు. అలాంటి లీగ్‌లో మూడో ఏడాదికల్లా ఇద్దరు ముగ్గురు గ్రూపులో మాట్లాడటం మానేస్తారు.

అందుకే ధర రౌండ్లలో కట్టాలి. ఒక్కో జట్టుకు ముగ్గురు కీపర్లు. కిందటిసారి ఏ రౌండ్‌లో తీసుకున్నారో దానికి రెండు రౌండ్లు ముందున్న మీ వంతును వదులుకోవాలి. 12వ రౌండ్‌లో తీసుకున్నవాడికి వచ్చే ఏడాది ధర 10వ రౌండ్, ఆ పై ఏడాది 8. ఆ తర్వాత ఎంత మంచివాడైనా డ్రాఫ్ట్‌లోకి వదిలేయాల్సిందే. తీసుకున్న సీజన్‌తో కలిపి ఎవరికైనా మూడు సీజన్లే గడువు. మొదటి రెండు రౌండ్లలో తీసుకున్నవాళ్లను అసలు ఉంచుకోలేరు, ఎందుకంటే 1లోంచి 2 పోతే వంతే లేదు. కొందరికి ఇది అన్యాయంగా తోస్తుంది కానీ కావాలని పెట్టిందే: ప్రతి సెప్టెంబరులో మేటి ఆటగాళ్లలో చాలామంది మళ్లీ అందరి ముందుకూ వస్తారు.

ఒక్క రౌండ్ చొప్పున పెంచితే చాలదా? చాలదు. 12, 11, 10 అంటూ పోతే ధర పెరిగినట్టే ఉండదు, ఎందుకంటే ఆ కింది రౌండ్లలో ఆటగాళ్ల మధ్య తేడా తక్కువ. నాలుగేసి రౌండ్లు పెంచితే ఎవరూ ఎవరినీ ఉంచుకోరు, పేరుకే కీపర్ లీగ్ అవుతుంది. పదహారు రౌండ్లకు రెండు సరిపోతుంది.

ఇక డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోనివాళ్లు. సీజన్ మధ్యలో ఫ్రీ ఏజెంట్‌గా (మన లీగ్‌లో ఏ జట్టులోనూ లేనివాడిగా) పట్టుకున్నవాణ్ణి చాలా లీగుల్లో ఆఖరి రౌండ్ ధరకు ఉంచుకోనిస్తారు. పెద్ద లొసుగు ఇదే. గోలీ జోర్డన్ బినింగ్టన్‌ను గుర్తు చేసుకోండి. 2019 జనవరి 7న మొదటిసారి మ్యాచ్ ఆరంభం నుంచి గోల్ కాసే అవకాశం వచ్చింది, ఆ రోజే ప్రత్యర్థికి ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆ నెల మొదట్లో లీగ్ అడుగున ఉన్న అతని జట్టు సెయింట్ లూయిస్ బ్లూస్ జూన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తింది. అలాంటి గోలీని 16వ రౌండ్ ధరకు ఇచ్చేస్తే, తెలివికి కాదు, ఆ పొద్దున ముందు నిద్రలేచి ఫోన్ చూసినవాడికి బహుమతి ఇచ్చినట్టు. అలాగని డ్రాఫ్ట్ కానివాళ్లను ఉంచుకోకూడదని నిషేధిస్తే జనవరి తర్వాత ఫ్రీ ఏజెంట్ల వైపు చూసేవాళ్లే ఉండరు. మధ్యేమార్గంగా వాళ్ల తొలి ధర 10వ రౌండ్ అని రాయండి. ఆపైన అందరిలాగే రౌండ్ అంకెను రెండేసి తగ్గించాలి.

గోలీలకు వేరే పరిమితి తప్పదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో జట్లు 32. ప్రతి జట్టూ ఇద్దరు గోలీలను తిప్పుతూ ఆడిస్తుంది కాబట్టి నికరంగా ఆడే మొదటి గోలీలు 32 మందికి మించరు. మన పది జట్లకు ముగ్గురేసి కావాలంటే 30 మంది. జట్టుకు ఇద్దరు గోలీలను ఉంచుకుంటే ఇరవై మంది డ్రాఫ్ట్‌కు ముందే పోయారు. ముగ్గురు కీపర్లలో గోలీ ఒక్కడే ఉండాలి.

ఇక్కడి నుంచి తప్పించుకునే దారులు మూయాలి. ధర ఆటగాడిది, జట్టుది కాదు. 5వ రౌండ్‌లో తీసుకున్నవాణ్ణి నవంబరులో వదిలేసి, డిసెంబరులో ఫ్రీ ఏజెంట్‌గా తిరిగి పట్టుకుని 10వ రౌండ్ ధర అడిగేవాళ్లుంటారు. ఎవరు పట్టుకున్నా ఆ సీజన్‌కు అతని లెక్క 5వ రౌండ్ నుంచే. ట్రేడ్‌లో చేతులు మారినా ధరా గడువూ అతనితోపాటే పోతాయి. లేకపోతే ఇద్దరు స్నేహితులు ఆటగాళ్లను మార్చుకుని, వారం తర్వాత వెనక్కి మార్చుకుని గడువు కొత్తగా మొదలెడతారు. ఇద్దరు కీపర్ల ధర ఒకే రౌండ్‌లో పడితే ఒకరికి దానికి ముందు రౌండ్ వంతు ఇవ్వాలి, అది అమ్ముకుని ఉంటే ఇంకా ముందుది. అయితే ఈ జరుపు ఆ ఏడాదికే. పద్దులో అసలు ధరే ఉంచాలి, వచ్చే ఏడాది లెక్క దాని మీదే.

వంతులను ట్రేడ్ చేయనివ్వండి, కానీ వచ్చే ఒక్క ఏడాదివే, అవీ మొదటి మూడు రౌండ్లు కాకుండా. ముందరి వంతులన్నీ అమ్మేసి లీగ్ వదిలిపోయినవాడి జట్టును ఎవరూ తీసుకోరు. ఖాళీ జట్టుతో షెడ్యూల్ మొత్తం పాడవుతుంది.

డబ్బు పెట్టకండి. తెలంగాణలో పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లోనే నిషేధించారు, 2025లో కేంద్రమూ చట్టం తెచ్చింది. ఎంట్రీ ఫీజు లేనప్పుడు అడుగున ఉన్నవాళ్లకు ఫిబ్రవరి నుంచే ఆసక్తి పోతుంది, పైగా ఓడితే మొదటి వంతు వస్తుందంటే కావాలనే ఓడతారు. పాయింట్ల పట్టిక అడుగు నుంచి డ్రాఫ్ట్ వరుస ఇవ్వకండి. ఆరు జట్లు ప్లేఆఫ్‌కు పోగా మిగిలిన నాలుగూ తమలో తాము ఆడాలి, అందులో గెలిచినవాడికి మొదటి వంతు. అప్పుడు పదో స్థానంలో ఉన్నవాడు కూడా రాత్రి పడుకునే ముందు లైనప్ సరిచూసుకుంటాడు.

తేదీల విషయంలో దసరాను చూసుకోండి. ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ సాధారణంగా అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి డ్రాఫ్ట్ సెప్టెంబరు చివర్లో పడుతుంది. బతుకమ్మకు, దసరాకు ఊళ్లకు వెళ్లేవాళ్లుంటారు, అందుకే ఆగస్టులోనే ఆదివారం ఖాయం చేయండి. పొద్దున 8 గంటలకు పెడితే డాలస్‌లో ఉన్న సభ్యుడికి శనివారం రాత్రి 9:30. కీపర్ల జాబితాలు దానికి వారం ముందు, ఆదివారం రాత్రి 9 లోపు కమిషనర్‌కు (లీగ్ నడిపే సభ్యుడికి) విడిగా అందాలి, తర్వాత అన్నీ ఒకేసారి బయటపెట్టాలి. కమిషనర్ తన జాబితాను ముందే ఇంకొకరికి పంపి ఉండాలి. అందరివీ చూశాక తనది రాసుకున్నాడన్న అనుమానం ఒక్కసారి వస్తే మళ్లీ పోదు.

ఇప్పుడున్న లీగ్‌ను కీపర్ లీగ్‌గా మారుస్తుంటే ఆ మాట డ్రాఫ్ట్‌కు ముందే చెప్పాలి. తర్వాత చెబితే అనుకోకుండా కుర్రాళ్లను తీసుకున్నవాళ్లు లాభపడతారు, ఆ ఏడాదే గెలవాలని ముప్పై దాటినవాళ్లను తీసుకున్నవాళ్లు నష్టపోతారు. ధరకు సంబంధించిన ఏ మార్పు అయినా ఓటు వేసిన తర్వాత ఒక పూర్తి సీజన్ గడిచాకే అమలు.

అభ్యాసం: ఒక జట్టు ముగ్గురిని ఉంచుకోవాలనుకుంది. డిఫెన్స్‌మన్ 5వ రౌండ్, సెంటర్ 12వ రౌండ్, లెఫ్ట్ వింగర్ డ్రాఫ్ట్ కానివాడు. 9వ రౌండ్ వంతును డిసెంబరులో అమ్మేశారు. డిఫెన్స్‌మన్‌కు 3వ రౌండ్, సెంటర్‌కు 10. వింగర్‌కూ 10 కనుక ముందుకు జరగాలి. 9 చేతిలో లేదు, కాబట్టి 8వ రౌండ్ పోతుంది. పద్దులో మాత్రం వింగర్ ధర 10 అనే రాయాలి. ఆ పై ఏడాది ఏ వంతూ అమ్మలేదనుకుని ముగ్గురి ధరలూ మీ షీట్‌లో వేసి చూడండి. డిఫెన్స్‌మన్‌కు 1, మిగతా ఇద్దరికీ 8, 7 రావాలి. వేరే అంకె వస్తే జరిపిన ధరనే పద్దులో ఎక్కించారేమో చూసుకోండి.