బాకెన్ ముడిచమురును రైలెక్కించడం ఎలా: కొత్తగా షెడ్యూలింగ్ డెస్క్ మీదికి వచ్చినవాళ్ళకు

హ్యూస్టన్‌లో ముడిచమురు కొని అమ్మే ఆఫీసుల్లో మన తెలుగువాళ్ళు అక్కడక్కడా కనిపిస్తున్నారు. ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ నుంచో, అకౌంట్స్ నుంచో వచ్చినవాళ్ళు. రైలు డెస్క్ మీద కూర్చోబెట్టగానే వాళ్ళు నన్నడిగే మొదటి మాట, "పైప్‌లైన్ ఉండగా రైలెందుకన్నా?" మంచి ప్రశ్నే. జవాబు తెలియకుండా రైలు బుక్ చేసేవాళ్ళూ ఉన్నారు.

రైలు ఎప్పుడూ పైప్‌లైన్ కంటే ఖరీదే. బాకెన్ చమురు క్షేత్రం ఉన్న నార్త్ డకోటాలో బ్యారెల్ ఎంతకు దొరుకుతోందో, రిఫైనరీ గేటు దగ్గర ఎంత పలుకుతోందో చూడండి. ఆ తేడాలోంచి టెర్మినల్ (రైలుకు నూనె ఎక్కించే చోటు) ఫీజు, రైలు కిరాయి, డీజిల్ సర్‌చార్జి, ట్యాంక్ కార్ల (నూనె మోసే రైలు వ్యాగన్ల) లీజు, దించే ఫీజు అన్నీ తీసేశాక ఏమైనా మిగిలితేనే రైలు. 2009 డిసెంబర్ ఆఖరున స్టాన్లీ అనే ఊరి నుంచి ఓక్లహోమాలోని స్ట్రౌడ్‌కు క్రూడ్ రైలు బయల్దేరిన నాటికి ఆ ప్రాంతంలో చాలినంత పైప్‌లైన్ లేదు. 2011-13లో అంతర్జాతీయ ధరకు కొలమానమైన బ్రెంట్ క్రూడ్‌కూ అమెరికా క్రూడ్‌కూ మధ్య తేడా కొన్నిసార్లు 20 డాలర్లు దాటింది. తూర్పు తీరానికి బ్యారెల్‌కు 10 నుంచి 15 డాలర్లు రైలుకు పోసినా లాభం కనిపించిన రోజులవి. 2017 జూన్‌లో డకోటా యాక్సెస్ పైప్‌లైన్ మొదలై రోజుకు 5 లక్షలకు పైగా బ్యారెళ్ళను ఇలినాయ్‌లోని పటోకాకు తోయడంతో ఆ లెక్క మారిపోయింది. ఇప్పుడు రైలుకు గట్టి ఆధారం వాషింగ్టన్ రాష్ట్రం. అనకోర్టెస్, ఫెర్న్‌డేల్, చెర్రీ పాయింట్ రిఫైనరీలకు బాకెన్ నుంచి కొండలు దాటి వచ్చే పైప్‌లైన్ లేదు. అలాస్కా నూనె తగ్గుతున్నకొద్దీ ఆ ఖాళీని మన రైళ్ళు పూరించాయి.

లెక్క కుదిరిందనుకోండి. అందరూ లోడు చేసే చోటుతో మొదలుపెడతారు. మీరు దించే చోటుతో మొదలుపెట్టండి. నార్త్ డకోటాలో ఎక్కించడానికి టెర్మినల్ ఎప్పుడూ దొరుకుతుంది, దించడానికి తారీఖు దొరకడమే కష్టం. అక్కడ ఒకేసారి ఎన్ని కార్లకు గొట్టాలు తగిలించగలరు? వలయంలా వేసిన లూప్ ట్రాక్ ఉందా, లేక రైలును ముక్కలు చేసి పక్క లైన్లలో పెట్టాలా? యూనిట్ ట్రైన్ అంటే 100 నుంచి 120 ట్యాంక్ కార్లు, ఒక్కోటి దాదాపు 60 అడుగులు, మొత్తం రెండు కిలోమీటర్ల పొడవు. లూప్ ఉంటే రైలు విడదీయకుండా పని జరిగిపోతుంది. లేకపోతే విడదీసి, జరిపి, మళ్ళీ కలిపేసరికి ఒక షిఫ్టు గల్లంతు.

తర్వాత కార్లు. మన దేశంలో పెట్రోలు, డీజిలు మోసే ట్యాంక్ వ్యాగన్లు ఎక్కువగా రైల్వేవే. ఇక్కడ రైల్వే ఇంజిన్, పట్టాలు, సిబ్బందిని మాత్రమే ఇస్తుంది, ట్యాంక్ కారు మీరే తెచ్చుకోవాలి. కారు మీద రాసిన గుర్తు చివర ఎక్స్ అక్షరం ఉంటే అది రైల్వేది కాదు, ప్రైవేటుది. క్రూడ్‌కు ఇప్పుడు అమెరికా రవాణా శాఖ (డాట్) ప్రమాణమైన డాట్-117 రకమో, పాతదాన్ని మార్చి చేసిన 117ఆర్ రకమో కావాలి. పాత డాట్-111లకు 2018లోనే క్రూడ్ బంద్ అయింది. ఆ రెండింటికీ మధ్య వచ్చిన సీపీసీ-1232 రకంలో జాకెట్ (బయటి ఉక్కు తొడుగు) ఉన్నవాటికి కూడా 2025 మేతో గడువు తీరింది. కొత్త 117లో ట్యాంకు రేకు 9/16 అంగుళం మందం, రెండు చివర్లా పూర్తి ఎత్తు కవచం, బయట జాకెట్, లోపల వేడిని ఆపే పొర ఉంటాయి. లీజు కాగితం చదివి ఊరుకోకండి. ట్యాంకు పక్కన పెయింటుతో రాసిన పరీక్ష గడువుల పట్టికను ఫొటో తీసి పంపమనండి. గడువు దాటిన కారును నింపకూడదు.

ఎన్ని కార్లు కావాలన్నది ఈ ఉద్యోగానికి గుండెకాయ, కాబట్టి ఇక్కడ కాస్త నిదానిద్దాం. ఉదాహరణకు రిఫైనరీ రోజుకు 35 వేల బ్యారెళ్ళు అడిగింది. ఒక్కో కారులో సుమారు 670 బ్యారెళ్ళు, 104 కార్ల రైలులో దాదాపు 70 వేలు. అంటే రెండు రోజులకో రైలు. లోడు చేయడం 1 రోజు, వెళ్ళడం 4, దించడం 1, తిరిగి రావడం 4, దారిలో ఎదురుచూపులు 2 వేసుకుంటే మొత్తం చక్రం 12 రోజులు. ఆరు రైళ్ళు, 624 కార్లు. ఇప్పుడు ఖాళీ రైలు తిరిగి రావడం ఆలస్యమై చక్రం 16 రోజులైందనుకోండి. ఎనిమిది రైళ్ళు కావాలి, ఇంకో 208 కార్లు. నూనె ఒక్క బ్యారెల్ కూడా పెరగలేదు, లీజు మాత్రం మూడో వంతు పెరిగింది. ఊరికి కారు మాట్లాడుకుంటే డ్రైవరు ఖాళీగా వెనక్కి వెళ్ళే దూరానికీ మనమే ఇచ్చుకున్నట్టే ఇది కూడా. కొత్తవాళ్ళు లోడు రైలు ఎక్కడుందోనని టెన్షన్ పడుతుంటారు. లోడు రైలును అందరూ చూస్తూనే ఉంటారు, రిఫైనరీవాళ్ళే గంటకోసారి ఫోన్ చేస్తారు. ఖాళీ రైలును అడిగే నాథుడు ఉండడు. దాన్ని వెంటాడాల్సింది మీరే.

ఇక లోడింగ్. బావుల నుంచి లారీలోనో గ్యాదరింగ్ పైపులోనో వచ్చిన నూనెను కొలిచి, నీరూ మడ్డీ ఎంతుందో చూసి, ట్యాంకుల్లోకి పంపుతారు. కొలతలన్నీ 60 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు సరిచేసి రాస్తారు. చలికాలం బ్యారెల్‌కూ వేసవి బ్యారెల్‌కూ తేడా వస్తుంది కాబట్టి ఇరువైపులా అదే పద్ధతిలో లెక్క ఉండాలి. నార్త్ డకోటాలో 2015 ఏప్రిల్ నుంచి క్రూడ్ ఆవిరి పీడనం 13.7 పీఎస్ఐ దాటకూడదన్న నిబంధన ఉంది. ఆ రిపోర్టు చేతికి రాకుండా రైలు కదలనివ్వకండి.

కాగితాల్లో ప్యాకింగ్ గ్రూప్ అనే గడి ఉంటుంది. సరుకు ఎంత ప్రమాదకరమో చెప్పేది అదే, 1 అన్నిటికంటే ప్రమాదం. నూనె మరగడం మొదలయ్యే ఉష్ణోగ్రత 35 సెల్సియస్ లేదా అంతకంటే తక్కువైతే గ్రూప్ 1. దానికంటే ఎక్కువై, ఫ్లాష్ పాయింట్ (నూనె ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనీస ఉష్ణోగ్రత) 23 లోపుంటే గ్రూప్ 2. ఆ పైన గ్రూప్ 3. పోయిన రైలు కాగితాన్ని కాపీ చేసి తారీఖు మార్చడం నాకు అస్సలు నచ్చని అలవాటు. 2013 జూలై 6న కెనడాలోని లాక్-మెగాంటిక్ ఊళ్ళో 47 మంది చనిపోయిన రైలులో ఉన్నది నార్త్ డకోటాలోని న్యూ టౌన్‌లో ఎక్కించిన క్రూడే. గ్రూప్ 2 సరుకును కాగితాల్లో గ్రూప్ 3గా చూపించారని దర్యాప్తులో తేలింది. ప్రమాదానికి కారణం కాగితం కాదు. వాలు మీద మనిషి లేకుండా నిలిపిన రైలుకు చాలినన్ని హ్యాండ్ బ్రేకులు వేయలేదు, ఇంజిన్ ఆగాక గాలి బ్రేకులు వదులైపోయాయి. 72 ట్యాంక్ కార్లలో 63 పట్టాలు తప్పాయి. కానీ మంటలార్పడానికి పరుగెత్తేవాడికి లోపల ఏముందో చెప్పేది ఆ కాగితమే.

లోడు చేసే రోజు మీరు టెర్మినల్‌కు వెళ్ళగలిగితే తప్పకుండా వెళ్ళండి, కుర్చీలో కూర్చుంటే ఇవి అర్థం కావు. కార్ల కింద చక్రాలకు అడ్డుచెక్కలు, హ్యాండ్ బ్రేక్, స్థిర విద్యుత్తు పోవడానికి ఎర్త్ తీగ, ట్రాక్ మీద నీలం జెండా. ఆ జెండా ఉన్నంతసేపు ఎవరూ కార్లను కదపకూడదు. పైన మూత తెరిచేవాడి ఒంటి మీద గ్యాస్ మానిటర్ ఉండాలి. 2010-14 మధ్య అమెరికా చమురు క్షేత్రాల్లో ట్యాంకుల మూతలు తెరిచి కొలతలు, నమూనాలు తీసే పనిలో ఆవిరి పీల్చి తొమ్మిదిమంది చనిపోయినట్టు అక్కడి కార్మిక ఆరోగ్య సంస్థ లెక్క తేల్చింది.

నింపేటప్పుడు రెండు హద్దులుంటాయి. మొత్తం బరువు 2,86,000 పౌండ్లు దాటకూడదు. వేడికి నూనె వ్యాకోచించినా పైన కనీసం 1 శాతం ఖాళీ మిగలాలి. ఇన్సులేషన్ లేని ట్యాంకుకు ఈ లెక్క 115 ఫారెన్‌హీట్ దగ్గర కడతారు. కాబట్టి జనవరిలో గడ్డకట్టే చలిలో "ఇంకా చోటుంది కదా" అని పోయించకండి. 117లు బరువైనవి కావడంతో సాధారణంగా బరువు హద్దే ముందొస్తుంది.

మూతలు వేయడం దగ్గర ఓపిక కావాలి. దారిలో జరిగే చిన్న చిన్న లీకులు చాలావరకు ఈ అశ్రద్ధ వల్లే. మ్యాన్‌వే (ట్యాంకు పైనున్న పెద్ద మూత) బోల్టులను వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి, అది కూడా టార్క్ రెంచ్‌తో. నలిగిన గ్యాస్కెట్‌ను అక్కడే మార్చేయాలి. కింది వాల్వ్ మూసి, ప్లగ్ పెట్టి, సీలు వేసి, సీలు నంబరు రాసుకోవాలి.

రైల్వేకు ఇచ్చే సరుకు రవాణా బిల్లులో యూఎన్ 1267, పెట్రోలియం క్రూడ్ ఆయిల్, క్లాస్ 3, ప్యాకింగ్ గ్రూప్, కార్ల నంబర్లు, 24 గంటలూ ఎత్తే అత్యవసర ఫోన్ నంబరు ఉండాలి. రైల్వేకు ఇది 404 అనే ఎలక్ట్రానిక్ సందేశంగా వెళ్తుంది. ఒక్క కారు నంబరు తప్పు పడితే ఆ కారు సిస్టమ్‌లో ఒకచోట, పట్టాల మీద ఇంకోచోట ఉంటుంది. ఇంజిన్‌కూ మొదటి ట్యాంక్ కారుకూ మధ్య ప్రమాదం లేని సరుకున్న బఫర్ కారు ఒకటి తప్పనిసరి.

బయల్దేరాక గరిష్ఠ వేగం గంటకు 50 మైళ్ళు. రైల్వే చెప్పే ఈటీఏను (చేరే అంచనా సమయాన్ని) నేను పెద్దగా పట్టించుకోను. పట్టాల పక్కన కార్ల నంబర్లు చదివే రీడర్ యంత్రం చివరిసారి ఆ రైలును ఎక్కడ, ఎప్పుడు చూసిందో చూస్తాను. మోంటానాలో చలి ముదిరితే బ్రేకు గొట్టాల కీళ్ళ దగ్గర గాలి కారి, రైల్వేలు పొడవు రైళ్ళను కుదిస్తాయి. జనవరి, ఫిబ్రవరి చక్రానికి ముందే రెండు మూడు రోజులు కలుపుకోండి. దారిలో ఏదో కారు చెడి "బ్యాడ్ ఆర్డర్" కింద పక్కకు తీస్తే, 670 బ్యారెళ్ళతో అది ఎక్కడో చిన్న ఊరి సైడింగ్‌లో నిలబడుతుంది. దానికి విడిగా ఒక ఫైలు తెరవండి, లేకపోతే నెలాఖరు లెక్కల్లోగానీ గుర్తురాదు.

దించేచోట నూనె కింది నుంచి దిగుతుంది. ముందు పైన గాలి వెళ్ళే దారి తెరవాలి, లేకపోతే అంత ఉక్కు ట్యాంకూ లోపలికి నొక్కుకుపోయే ప్రమాదం ఉంది. ఖాళీ అయ్యాక కూడా అది చట్టం దృష్టిలో ఖాళీ కాదు. అడుగున మడ్డి, లోపల ఆవిరి ఉంటాయి కాబట్టి ఎర్ర ప్లకార్డు అలాగే ఉండాలి, కాగితాల్లో రెసిడ్యూ అని రాయాలి. దించడం అయిన గంటలోపే ఖాళీల రిలీజ్ (కార్లు తీసుకెళ్ళవచ్చని రైల్వేకు చెప్పే సందేశం) పంపించమని టెర్మినల్‌తో ముందే మాట్లాడుకోండి. శుక్రవారం సాయంత్రం పంపకుండా వదిలేసిన రిలీజ్ సోమవారం దాకా కదలదు, డెమరేజ్ (కార్లను ఆపి ఉంచినందుకు పడే రుసుము) మాత్రం కదులుతూనే ఉంటుంది.

ధరల తేడా పడిపోయి రైళ్ళు ఆగితే లీజు ఆగదు. కార్లు పెట్టుకోవడానికి ఏ చిన్న రైల్వే లైనులోనో చోటు అద్దెకు తీసుకుని దానికీ రోజువారీ కట్టాలి. తిరిగి ఇచ్చేయాలంటే కడిగించి ఇవ్వాలి, మార్కెట్ పడ్డప్పుడు అందరూ ఒకేసారి ఇస్తారు కాబట్టి క్లీనింగ్ షాపు దగ్గర వరస ఉంటుంది, ఆ వరసలో నిలబడ్డ రోజులకూ లీజు నడుస్తుంది. కడిగే ఖర్చు ఎవరిది, లీజు ఏ రోజుతో ఆగుతుంది అన్నవి ఆఖరి పేజీల్లో ఉంటాయి. సంతకం పెట్టకముందే ఆ పేజీలు చదవండి.