కటింగ్‌లో ప్యాకింగ్ నిలవడం లేదా? వానలో వెళ్లి డ్రెయిన్ చూడండి

కటింగ్‌లో, అంటే గట్టు తవ్వి రైలు పట్టాలు వేసిన చోట, ప్యాకింగ్ చేసిన (స్లీపర్ల కింద కంకర దట్టించిన) పది రోజులకే ట్రాక్ మళ్లీ కుంగుతుంది. బండి వెళ్లినప్పుడల్లా స్లీపర్ల పక్కనుంచి బురద ఉబుకుతుంది. వెంటనే కంకరను తిట్టి, మళ్లీ మెషిన్ పిలిపిస్తారు. వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని సైడ్ డ్రెయిన్ దాకా వెళ్లినవాళ్లు మాత్రం ఒక్కరూ కనపడరు.

డ్రెయిన్‌లో నీళ్లు నిలిచి ఉంటే వాలు తప్పిందనో, చివర పూడిందనో అర్థం. లెవెల్ పెట్టి చూసి, నీళ్లు బయటికి పోయే కొస నుంచి పైకి తీసుకుంటూ రండి.

నన్ను ముంచింది పొడి డ్రెయిన్. నల్లరేగడి కటింగ్, కొత్త కాంక్రీట్ డ్రెయిన్, గీత గీసినట్టు ఉంది. మూడుసార్లు ప్యాకింగ్ చేయించాను. నాలుగోసారి జోరు వానలో వెళ్తే డ్రెయిన్ అడుగున సన్నటి ధార, పక్కనే సెస్ (కంకరకూ డ్రెయిన్‌కూ మధ్య ఉండే మట్టి అంచు) మీద నా బూటు చీలమండ దాకా దిగింది. డ్రెయిన్ గోడ పైఅంచు సెస్ కంటే ఎత్తులో ఉంది. ఇక నీళ్లకు వీప్ హోల్సే, అంటే గోడలో వదిలిన పైపు రంధ్రాలే దారి. చువ్వ పెట్టి పొడిస్తే కొన్ని రెండంగుళాలకే ఆగాయి. పోత పోసేటప్పుడు పైపు మూతి మూయలేదు, లోపల సిమెంటు పాలు గడ్డకట్టాయి. తెరుచుకున్న వాటి వెనకేమో తవ్విన నల్లమట్టే తిరిగి నింపేశారు. అది తడిస్తే ఉబ్బి బిరడాలా బిగుసుకుంటుంది.

బ్లాక్ తీసుకుని (కాసేపు బండ్లు ఆపించి) గోడ వెనక కొద్దికొద్ది పొడవుగా, ఫార్మేషన్ (కంకర కింది మట్టి పునాది) మట్టం కిందికి తవ్వండి. నల్లమట్టి తీసేసి, మట్టి వైపు జియోటెక్స్‌టైల్ (నీటిని వదిలి మట్టిని ఆపే గుడ్డ) పరిచి, దుమ్ము లేని 20-40 మిల్లీమీటర్ల కంకర నింపండి. మూసుకుపోయిన చోట డ్రెయిన్ వైపు వాలుగా కొత్త రంధ్రం వేయండి. రంధ్రం అక్కడి ఫార్మేషన్ కంటే పైన పడితే పనంతా దండగ. సెస్‌ను 30కి 1 వాలుకు చెక్కండి, అంటే 3 మీటర్లకు 10 సెంటీమీటర్లు. బురద పట్టిన కంకరను జల్లెడ పట్టించాకే ప్యాకింగ్. జల్లించిన చెత్తను సెస్ మీద కుప్పపోశారో, మీ చేతులతో మీరే కట్ట వేసినట్టు.

ఊట నీరు, బ్లాంకెట్ (ఫార్మేషన్ మీద కంకర కింద పరిచే పొర) లోపం కూడా కారణం కావచ్చు. ఇవన్నీ సరిచేశాక కూడా ఎండాకాలంలో తడి కనిపిస్తే అప్పుడు మట్టి పరీక్ష చేయించండి. కటింగ్ పైన, గట్టు మీది వాననీటిని పక్కకు మళ్లించే క్యాచ్ వాటర్ డ్రెయిన్‌లో పగుళ్లుంటే వాటిని పూడ్చేయండి.