రాస్ప్‌బెర్రీ పైకి డాక్ బోర్డు పెట్టాక శబ్దం రాకపోతే

పర్లాకిమిడి, గుణుపురం వైపు రామమందిరాల్లో పాత యాంప్లిఫయర్‌కి రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) తగిలించి, భజనలు టైముకి మోగేలా పెట్టుకోవాలనుకునేవాళ్లకి ఇది. రాస్ప్‌బెర్రీ పై 5 మోడల్‌లో హెడ్‌ఫోన్ జాక్ లేదు, కాబట్టి డాక్ బోర్డు (డిజిటల్ ఆడియోని యాంప్లిఫయర్‌కి సరిపడే సిగ్నల్‌గా మార్చేది) కావాలి. చవకగా దొరికే పీసీఎం 5102 బోర్డు చాలు, ఖరీదైనది అక్కర్లేదు.

ముందు వైర్లు. డాక్ బోర్డు మీద బీసీకే అని రాసిన పిన్ను రాస్ప్‌బెర్రీ పైలో 18కి, ఎల్‌సీకే 19కి, డిన్ 21కి. ఇవి జీపీఐఓ నంబర్లు, అంటే చిప్ లెక్కలో పిన్నుల నంబర్లు. రాస్ప్‌బెర్రీ పై మీద పిన్నులు వరసగా లెక్కపెడితే 12, 35, 40 అవుతాయి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఎస్‌సీకేని మాత్రం గ్రౌండ్‌కి కలపండి. దాన్ని గాలికి వదిలేస్తే గరగరమంటుంది, లేదా అసలు మోగదు. కొన్ని బోర్డుల్లో దీనికోసం రెండు చుక్కలు ఇస్తారు, వాటిని టంకంతో కలిపేస్తే చాలు.

ఇలాంటి బోర్డుల్లో ఈప్రామ్ (బోర్డు వివరాలు దాచే చిన్న మెమరీ చిప్) ఉండదు కాబట్టి రాస్ప్‌బెర్రీ పై ఆ బోర్డుని తనంతట తాను గుర్తుపట్టదు. కాన్ఫిగ్ ఫైల్‌లో హైఫైబెర్రీ-డాక్ ఓవర్‌లే (ఏ బోర్డు తగిలించామో చెప్పే సెట్టింగ్) మనమే రాసి, రీబూట్ చేయాలి. 2023లో వచ్చిన బుక్‌వర్మ్ (రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ వెర్షన్) నుంచి ఆ ఫైల్ బూట్‌లోని ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌కి మారింది. పాత వీడియోలు ఇంకా పాత చోటే చూపిస్తున్నాయి.

ఆల్సామిక్సర్‌లో (వాల్యూమ్ సర్దే ప్రోగ్రామ్) వాల్యూమ్ గీత కనపడలేదని టెన్షన్ పడొద్దు, ఈ చిప్‌కి అది లేదు. యాంప్లిఫయర్ నాబ్ తిప్పుకోండి, లేదంటే సాఫ్ట్‌వేర్‌తోనే వాల్యూమ్ సర్దే సాఫ్ట్‌వాల్ పెట్టుకోండి. ప్లేయర్‌లో సౌండ్ కార్డు నంబర్ బదులు పేరు ఇవ్వండి, హెచ్‌డీఎంఐ వల్ల నంబర్లు మారిపోవచ్చు.