డ్రమ్స్ మిక్సింగ్ – అయిదో పాఠం: గేటు మింగేసిన చిన్న దెబ్బలు

ఒక మైకులోకి పక్క వాద్యాల శబ్దం చొరబడటాన్ని బ్లీడ్ అంటామని, స్నేర్ (కిట్‌లో చురుగ్గా మోగే డ్రమ్) ట్రాక్ మీద గేటు, అంటే ఒక హద్దుకు కింద ఉన్న శబ్దాన్ని తగ్గించే సాధనం, పెడితే ఆ చొరబాటు తగ్గుతుందని పోయిన పాఠంలో చెప్పాను. ఆ తర్వాత మీరు పంపిన మిక్సులు వరుసగా విన్నాను. స్నేర్ శుభ్రంగానే ఉంది, కానీ డ్రమ్మరు చేతివాటం ఎక్కడా వినిపించడం లేదు. ఈ వారం కంప్రెసర్ (గట్టి, మెత్తని శబ్దాల మధ్య తేడాను తగ్గించే సాధనం) మొదలుపెట్టాలనుకున్నాను. దాన్ని వాయిదా వేస్తున్నాను, ఎందుకంటే ఈ ముడి విప్పకుండా ముందుకు పోతే అంతా చెడుతుంది.

గుంటూరు నుంచి వచ్చిన ఒక ఫైలు చూద్దాం. చర్చి బృందం పాడిన క్రిస్మస్ పాట, హాల్లోనే రికార్డు చేశారు. స్నేర్ మైకులో రెండో, నాలుగో బీట్ మీద పడే గట్టి దెబ్బ మైనస్ 8 డెసిబెల్స్ దగ్గర ఉంది (సున్నాకు ఎంత దగ్గరైతే అంత గట్టి శబ్దం). హై హ్యాట్ (స్టాండు మీది జంట తాళాలు) చొరబాటు మైనస్ 22. గట్టి దెబ్బల మధ్య డ్రమ్మరు కర్రను చర్మానికి మెల్లగా తాకిస్తూ వాయించిన చిన్న దెబ్బలు, అంటే గోస్ట్ నోట్స్, మైనస్ 26. ఇప్పుడు మీరే చెప్పండి, త్రెషోల్డ్, అంటే గేటు తెరుచుకునే హద్దు, ఎక్కడ పెడతారు? హై హ్యాట్‌ను ఆపాలంటే మైనస్ 20 దగ్గర పెట్టాలి. అప్పుడు అంతకంటే కింద ఉన్న గోస్ట్ నోట్స్ ముందే పోతాయి. వాటిని కాపాడాలని మైనస్ 28కి దించితే హై హ్యాట్ ప్రతిసారీ గేటు తెరుస్తుంది. త్రెషోల్డ్ ఒక్కదాన్నే ఎంతసేపు తిప్పినా ఈ లెక్క తేలదు. ఆ అబ్బాయి రెండు రాత్రులు తిప్పాడట. పోయిన పాఠంలో నేను ఇది చెప్పి ఉండాల్సింది.

దారి ఏమిటంటే, గేటు దేన్ని విని తెరుచుకోవాలో మనం విడిగా చెప్పవచ్చు. సైడ్‌చెయిన్ ఫిల్టర్ ఉన్నది అందుకే. మనకు వినిపించే శబ్దాన్ని అది ముట్టుకోదు, గేటు చెవికి చేరేదాన్ని మాత్రమే వడగడుతుంది. స్నేర్ శరీరం 200 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది, హై హ్యాట్ బలమంతా చాలా పైన ఉంటుంది. కాబట్టి సైడ్‌చెయిన్‌లో 150 హెర్ట్జ్ కింద కోసేస్తే కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) చాలావరకు తగ్గుతుంది, 700 పైన కోసేస్తే హై హ్యాట్ పోతుంది. ఆ గుంటూరు ఫైలులో ఇలా చేశాక గేటు చెవికి హై హ్యాట్ మైనస్ 40 కంటే కిందికి జారింది, గోస్ట్ నోట్స్ మైనస్ 30 దగ్గర నిలబడ్డాయి. త్రెషోల్డ్ మైనస్ 34 దగ్గర పెట్టాం. చిన్న దెబ్బలన్నీ తిరిగి వచ్చాయి.

రేంజ్, అంటే మూసుకున్నప్పుడు గేటు ఎంత తగ్గించాలన్న విషయంలో నా పద్ధతి ఒకటే. గేటును పూర్తిగా మూయను, 8 నుంచి 12 డెసిబెల్స్ మాత్రమే తగ్గేలా పెడతాను. లుక్ అహెడ్ (దెబ్బను ముందే పసిగట్టే సౌకర్యం) ఉంటే 2 మిల్లీసెకన్లు ఇస్తాను, హోల్డ్ (గేటును తెరిచి ఉంచే సమయం) 40. రిలీజ్‌ను, అంటే గేటు మూసుకోవడానికి పట్టే సమయాన్ని, పాట వేగం నుంచి లెక్కగడతాను. నిమిషానికి 92 బీట్ల పాటలో ఒక బీట్ 652 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు 163. అక్కడ మొదలుపెట్టి చెవితో సవరిస్తాను. గేటు ఎప్పుడూ కంప్రెసర్‌కు, ఈక్వలైజర్‌కు ముందే ఉండాలి. కంప్రెసర్ తర్వాత 6 డెసిబెల్స్ పెంచితే బ్లీడ్ కూడా 6 పెరుగుతుంది. స్నేర్ మెరవాలని 8 కిలోహెర్ట్జ్ పెంచితే హై హ్యాట్ కూడా మెరుస్తుంది.

ఇక అసలు ఉచ్చు. ఈ పాఠాల మొదటి నుంచీ చెబుతున్నా మీలో చాలామంది ఇందులోనే పడుతున్నారు: సోలో (ఒక్క ట్రాక్‌నే వినిపించే బటన్) నొక్కి శుభ్రం చేయడం.

సోలోలో స్నేర్ ట్రాక్ వింటే హై హ్యాట్ భయంకరంగా ఉంటుంది. అది వినపడని దాకా మీ చెయ్యి ఆగదు. కానీ పాటలో ఆ హై హ్యాట్ ఓవర్‌హెడ్ మైకుల్లో, అంటే మొత్తం కిట్‌ను పైనుంచి వినే మైకుల్లో, ఎలాగూ నిండుగా ఉంది. స్నేర్ మైకులోంచి దాన్ని తుడిచేస్తే పాటలోంచి అది పోదు. జరిగేది వేరు. ఓవర్‌హెడ్‌లలో హై హ్యాట్ ఒక పక్కన కూర్చుని ఉంటుంది, స్నేర్ మైకు నడిమధ్యలో. గేటు తెరిచిన ప్రతిసారీ మధ్యలోంచి కొంచెం హై హ్యాట్ బయటికి వస్తుంది, మూసుకోగానే మళ్లీ పక్కకు పోతుంది. హెడ్‌ఫోన్స్‌లో వింటే రెండో బీట్‌కు, నాలుగో బీట్‌కు హై హ్యాట్ మధ్యకు గెంతి వెనక్కి పోతున్నట్టు ఉంటుంది. గేటు పూర్తిగా మూసిన మిక్సులోనే ఈ గెంతు ఎక్కువ, 8 డెసిబెల్స్ తగ్గించిన చోట చెవికి దాదాపు అందదు. సోలోలో ఇది ఎన్నటికీ తెలియదు, ఎందుకంటే పోల్చడానికి ఓవర్‌హెడ్ లేదు. ఇంకో సంగతి. హై హ్యాట్ చొరబాటు స్నేర్‌కు కొంత గాలిని కూడా ఇస్తుంది. దాన్ని పూర్తిగా పిండేస్తే అట్టపెట్టె మీద కొట్టినట్టుంటుంది. మీ మిక్సుల్లో సగం నాకు అలాగే వినిపించాయి. బ్లీడ్ ఎంత ఉండాలన్నది మొత్తం కిట్ మోగుతుండగానే నిర్ణయించండి. క్లిక్‌లాంటి చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో వెతకడానికి సోలో వాడండి, వెంటనే తీసేయండి.

టామ్‌లకు (అప్పుడప్పుడు మాత్రమే మోగే మిగతా డ్రమ్ములకు) నేను గేటే పెట్టను, ట్రాక్‌లో దెబ్బల మధ్య భాగాలను చేత్తో కోస్తాను. నాలుగు నిమిషాల పాటలో టామ్ మీద పదో పదిహేనో దెబ్బలు పడతాయి. దెబ్బకు 5 మిల్లీసెకన్ల ముందు కోత, చిన్న ఫేడ్ (శబ్దాన్ని మెల్లగా పెంచడం లేదా తగ్గించడం), చివర మోగుడు చల్లారేదాకా పొడవైన ఫేడ్. పది నిమిషాల పని. దానికి గేటుతో గంట కుస్తీ పట్టడం నాకు అర్థం కాదు. కోసిన ముక్కలో సింబల్ (ఇత్తడి తాళం) హోరు ఉలిక్కిపడేలా వస్తే ఆ ట్రాక్‌లో 5 కిలోహెర్ట్జ్ పైన తగ్గించండి. కోసిన ముక్కను మాత్రం అటూ ఇటూ జరపకండి. శబ్దం గాలిలో మీటరు దాటడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది, టామ్ మైకుకూ ఓవర్‌హెడ్‌కూ మధ్య ఆ తేడా ఇప్పటికే ఉంది. ఒక్క ట్రాక్‌ను కదిపితే రెండో పాఠంలో సరిచేసుకున్న ఫేజ్ (మైకుల మధ్య శబ్ద తరంగాల పొందిక) మళ్లీ చెడుతుంది.

రికార్డింగ్ మీ చేతుల్లోనే ఉంటే ఇందులో సగం పని తప్పుతుంది. విజయవాడలో గవర్నర్‌పేట దగ్గర ఒక చిన్న గదిలో మే నెలలో ఒక సెషన్ చేశాం. టేక్ నడుస్తున్నప్పుడు ఏసీ ఆపేయాలి, డ్రమ్మరు చొక్కా తడిసి ముద్దయింది. అయినా అతన్ని పావుగంట ఆపి, హై హ్యాట్ స్టాండును జానెడు ఎత్తించి, స్నేర్ మైకు వీపు సరిగ్గా హై హ్యాట్ వైపు ఉండేలా తిప్పాను. కార్డియాయిడ్ మైకుకు వెనుక వైపే తక్కువ వినపడుతుంది, షూర్ ఎస్ఎం57 కూడా ఆ జాతిదే. అక్కడ తగ్గిన బ్లీడ్ మిక్సులో ఏ ప్లగ్ఇన్‌తోనూ అంత అందంగా తగ్గలేదు. సూపర్‌కార్డియాయిడ్ (ముందు వైపు ఇంకా ఇరుకుగా వినే మైకు) అయితే వీపు కాదు, పక్కకు వాలిన వెనుక భాగం, ముందునుంచి సుమారు 126 డిగ్రీల దగ్గర చూసుకోండి.

రివర్బ్ (గది మోతలాంటి ఎఫెక్ట్) కోసం నా అలవాటు ఒకటుంది. స్నేర్ ట్రాక్‌ను నకలు తీసి దాని మీద మాత్రం గేటును పూర్తిగా మూస్తాను. ఆ నకలును నేరుగా వినిపించను, రివర్బ్‌కు మాత్రమే పంపుతాను. హై హ్యాట్ రివర్బ్‌లోకి పోదు, అసలు స్నేర్ ఊపిరి పోదు.

అభ్యాసం. మీ పాటలో 32 బార్లు (తాళం ఆవర్తాలు) తీసుకోండి. సోలో బటన్ ముట్టకుండా స్నేర్ మీద గేటు పెట్టండి. ఆ తర్వాత ఆ 32 బార్లలో ప్రతి గోస్ట్ నోట్‌ను చెవితో గుర్తించి, గేటుకు ముందు ఎన్ని ఉన్నాయో, తర్వాత ఎన్ని మిగిలాయో కాగితం మీద రాయండి. ఒక్కటి తగ్గినా మొదటి నుంచి చేయండి. రెండు అంకెలూ, గేటు వేసిన ట్రాక్, వేయని ట్రాక్, ఓవర్‌హెడ్‌లు కలిపి నాకు పంపండి. అవి విన్నాకే కంప్రెసర్ పాఠం రాస్తాను.