పిల్లల ఆరోగ్య సంస్థకు సారథ్యం – నాలుగవ పాఠం: రిజిస్టరు చదవగల నాయకుడు

సంస్థ పనిచేసే ప్రాంతానికి హద్దులు ఎలా నిర్ణయించుకోవాలో కిందటి పాఠంలో చూశాం. ఆ హద్దుల లోపల ముప్ఫై ఏళ్లు నిలిచి పనిచేయాలంటే నాయకుడికి ఏ నైపుణ్యం ముందు కావాలన్నది ఈ పాఠం. విరాళాల సేకరణ, సిబ్బంది నిర్వహణ అవసరమే గానీ వాటికంటే ముందు రావలసింది పుట్టిన ప్రతి బిడ్డనూ, పోయిన ప్రతి బిడ్డనూ లెక్కలోకి తీసుకుని, ఆ లెక్క అడిగే ప్రశ్నను వదలకుండా పట్టుకోవడమని నా దృఢమైన అభిప్రాయం.

ప్రాణహిత, గోదావరి నదులకు ఆవల, మన తెలంగాణను ఆనుకుని ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లానే ఉదాహరణగా తీసుకుందాం. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యం చదివి వచ్చిన డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1986లో అక్కడ ‘సెర్చ్’ సంస్థ పని మొదలుపెట్టారు. 1988లో వారు లెక్క తీస్తే, సజీవంగా పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 121 మంది ఏడాది నిండకుండానే చనిపోతున్నారని తేలింది. ఆ మరణాలకు అన్నిటికంటే పెద్ద కారణం న్యుమోనియా. పసివాడు డొక్కలు ఎగరేసే దశకు రాకముందే జబ్బును గుర్తించాలంటే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కపెట్టాలి. అరవై దాకా లెక్క రాని మంత్రసానులకు అది ఎలా సాధ్యం? వారి కోసం ఒక నిమిషం ఇసుక గడియారాన్నీ, వరుసగా గుచ్చిన పూసలనూ కలిపి ఒక సాధనం తయారుచేశారు. పది ఊపిర్లకు ఒక పూస జరపాలి; ఇసుక పూర్తిగా జారేలోపు ఎర్రపూస వంతు వచ్చిందంటే మందు మొదలుపెట్టాలి. చదువు లేదన్న కారణంతో ఎవరినీ పక్కన పెట్టకుండా, పనినే వారి చేతికి అందేలా మలచడం ఎంత గొప్ప నాయకత్వమో గమనించండి.

న్యుమోనియా మరణాలు తగ్గాక అదే లెక్క మరో ప్రశ్న వేసింది: మిగిలిన మరణాల్లో ఎక్కువ భాగం పుట్టిన నెలలోపే ఎందుకు జరుగుతున్నాయి? సెర్చ్ తర్వాతి దశాబ్దపు కృషికి ఆ ప్రశ్నే దారి చూపింది. కొద్దిపాటి చదువున్న గ్రామీణ మహిళలకు శిక్షణ ఇచ్చి, 39 గ్రామాల్లో బాలింతల ఇళ్లకే పంపించారు. బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి అందనప్పుడు ఆదుకోవడం, ఇన్‌ఫెక్షన్ సోకితే జెంటామైసిన్ ఇంజెక్షన్ ఇవ్వడం కూడా వారే చేశారు. పోలిక కోసం ఎంచుకున్న 47 గ్రామాలతో సరిచూస్తే మూడవ ఏటికి నవజాత శిశు మరణాల రేటు 62 శాతం తగ్గిందని 1999లో ‘లాన్సెట్’ పత్రిక ప్రచురించింది.

ఇక మీ రిజిస్టరు సంగతి. మన పల్లెల్లో లెక్క తప్పేది ప్రధానంగా రెండు చోట్ల. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లిన అమ్మాయి బిడ్డ అక్కడే పోతే, పుట్టింటి ఊరివారు మా ఊరి కోడలు కాదు గదా అని వదిలేస్తారు, అత్తవారి ఊళ్లో ఆ పుట్టుక సంగతే నమోదు కాదు. మిరప కోతలకు వలస వెళ్లిన కుటుంబాలదీ ఇదే పరిస్థితి. అందువల్ల కాన్పు అయ్యాక కాకుండా, గర్భం తెలిసిన నెల నుంచే పేరు రాసి, ఆమె ఎక్కడికి వెళ్లినా ఫలితం తెలిసేదాకా ఆ వరుసను మూసివేయకూడదు. రెండవది, పుట్టి ఒక్కసారి ఏడ్చి కొద్ది నిమిషాలకే కన్నుమూసిన బిడ్డను చనిపోయి పుట్టినట్టు రాసేయడం. ఏడ్చిందా, కదిలిందా, ఊపిరి తీసిందా అని అడిగి రాయకపోతే మనం ఆపగలిగిన మరణమే కాగితం మీద కనిపించకుండా పోతుంది.

నెలవారీ సమావేశంలో ముందుగా మరణాల గురించే మాట్లాడండి. జబ్బును గుర్తించడంలో ఆలస్యమైందా, బండి దొరకడంలోనా, ఆసుపత్రిలో చికిత్స అందడంలోనా అని ఒక్కొక్కటిగా విచారించండి. కార్యకర్తను మాత్రం పదిమందిలో నిందించవద్దు. నిందిస్తే వచ్చే నెల రిజిస్టరులో మరణాలు ఉండవు, ఊళ్లో మాత్రం ఉంటాయి. దాతలకు పంపే నివేదికలో ఈ సంఖ్యలు బాగా కనిపించవని భయపడే నాయకులున్నారు. ఆ భయానికి లొంగిన సంస్థ నేర్చుకోవడం మానేస్తుంది.

సుదీర్ఘ నాయకత్వంలో పనిని ఇతరులకు అప్పగించడమూ ఉంటుంది. 2011లో కేంద్ర ప్రభుత్వం ఇంటివద్ద నవజాత శిశు సంరక్షణను ఆశా కార్యకర్తలకు అప్పగించింది. నేడు మన రెండు రాష్ట్రాల్లో ఆసుపత్రి కాన్పు తర్వాత ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావలసి ఉండడం వెనుక గడ్చిరోలి అనుభవం ఉంది. ఆ బాలింతల్లో ఎక్కువ మందికి సెర్చ్ పేరే తెలియదు. పని తమ పేరును దాటి వెళ్లడానికి సిద్ధపడినవారే ఈ రంగంలో నిలవగలరని నేను నమ్ముతాను.

అభ్యాసం: ఒక్క గ్రామం ఎంచుకోండి. గడిచిన పన్నెండు నెలల జననాల జాబితాను అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా, ఊరి పెద్ద ముత్తయిదువ – ఈ ముగ్గురి దగ్గరా విడివిడిగా రాసుకుని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరి జాబితాలో ఉండి మరొకరి దాంట్లో లేని ప్రతి పేరు కిందా గీత గీయండి. మరణం జరిగిన ఇళ్లకు మాత్రం ఇప్పుడే వెళ్లవద్దు. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో ఎప్పుడు, ఎలా మాట్లాడాలన్నది అయిదవ పాఠంలో నేర్చుకుందాం.