పర్ఫార్మెన్స్ మానిటర్‌లో మీకు కావలసిన గ్రాఫ్ పెట్టుకోవడం ఎలా?

"సిస్టమ్ స్లోగా ఉంది, ర్యామ్ పెంచాలా?" అని అడుగుతూ స్క్రీన్‌షాట్ పంపేవాళ్లలో నూటికి తొంభైమంది ఒకే తప్పు చేస్తారు. ప్రాసెసర్, మెమరీ, డిస్క్ పనితీరుని గ్రాఫ్‌గా చూపే విండోస్ పర్ఫార్మెన్స్ మానిటర్ తెరుస్తారు, కంటికి కనబడ్డ కౌంటరల్లా (ఒక్కో కౌంటర్ ఒక్కో అంశాన్ని కొలుస్తుంది) అందులో పడేస్తారు, ఫొటో తీసి పంపుతారు. సగం గీతలు గ్రాఫ్ పైఅంచుకి అతుక్కుని ఉంటాయి, మిగతా సగం అడుగున పడి ఉంటాయి. ఆ బొమ్మ చూసి ఎంత తెలిసినవాడైనా ఏమీ చెప్పలేడు. టూల్‌లో మాత్రం లోపం లేదు. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ 3.1 నుంచీ ఉన్నదే ఇది. పైసా కట్టక్కర్లేదు, ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. సరిగా అమర్చుకోవాలి, అంతే.

తెరవడం

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన పెట్టెలో పర్ఫ్‌మాన్ అని ఇంగ్లీషులో టైప్ చేసి (పి, ఇ, ఆర్, ఎఫ్, ఎం, ఓ, ఎన్) ఎంటర్ కొట్టండి. ఎడమపక్క మానిటరింగ్ టూల్స్ కింద పర్ఫార్మెన్స్ మానిటర్ ఉంటుంది, దాని మీద క్లిక్ చేయండి. అప్పటికే ఒక గీత కదులుతుంటుంది. దాన్ని డిలీట్ చేసేయండి. కొత్త కౌంటర్లు వేయడానికి పైన ఆకుపచ్చ ప్లస్ గుర్తుంది.

కౌంటర్లు: ఐదు చాలు

ఐదుకి మించి వేయకూడదు. ఆరో గీత వచ్చిందంటే ఏది ఏదో వెతుక్కోవడానికే సమయం పోతుంది. ఆ ఐదూ ఇవి: ప్రాసెసర్ ఇన్ఫర్మేషన్ కింద % ప్రాసెసర్ టైమ్, మెమరీ కింద అవైలబుల్ ఎంబైట్స్ (ఖాళీ మెమరీ), ఫిజికల్ డిస్క్ కింద యావరేజ్ డిస్క్ సెక్/రీడ్, యావరేజ్ డిస్క్ సెక్/రైట్ (డిస్క్ చదవడానికీ, రాయడానికీ పట్టే సమయం), నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ కింద బైట్స్ టోటల్/సెక్ (సెకనుకి వచ్చీపోయే బైట్లు).

కౌంటర్ ఎంచుకున్నాక దాని కింద ఇన్‌స్టెన్స్‌ల జాబితా (ఒక్కో కోర్, ఒక్కో డిస్క్, ఒక్కో నెట్‌వర్క్ కార్డ్ విడివిడిగా) వస్తుంది. 'ఆల్ ఇన్‌స్టెన్సెస్' నొక్కకండి. ఎనిమిది కోర్లున్న ప్రాసెసర్‌కి అది నొక్కితే ఒక్క కౌంటర్‌కే ఎనిమిదికి పైగా గీతలు దిగుతాయి. ప్రాసెసర్‌కి 'టోటల్' చాలు. కాకపోతే ఆ టోటల్ సగటు అని గుర్తుంచుకోండి. ఎనిమిది లాజికల్ ప్రాసెసర్లలో (విండోస్ విడివిడిగా లెక్కపెట్టేవి) ఒక్కటి మాత్రమే నూటికి నూరు పని చేస్తూ, మిగతావి ఖాళీగా ఉంటే టోటల్ 12.5 చూపిస్తుంది. గీత చూస్తే అంతా ప్రశాంతంగానే ఉంటుంది, ప్రోగ్రామ్ మాత్రం ముందుకు కదలదు. ఆ అనుమానం వచ్చినప్పుడు కోర్లన్నిటినీ వేరే విండోలో వేసి, గ్రాఫ్ రకాన్ని హిస్టోగ్రామ్ బార్‌కి మార్చి చూడండి. డిస్క్‌కి మాత్రం టోటల్ వద్దు. రెండు డిస్కులుంటే మంచిదాని సగటు చెడ్డదాన్ని దాచేస్తుంది. సి డ్రైవ్ ఉన్న డిస్క్‌ని విడిగా ఎంచుకోండి. నెట్‌వర్క్‌లోనూ మీరు వాడే వైఫై కార్డో, కేబుల్ కార్డో ఒక్కటే.

% డిస్క్ టైమ్ వేయమని చాలాచోట్ల రాస్తారు. వద్దు. అది వంద దాటి కూడా పోతుంది. 300 శాతం అని చూసి బెంబేలెత్తిపోయి కొత్త డిస్క్ కొన్నవాళ్లున్నారు. పేజెస్/సెక్ (డిస్క్‌కీ మెమరీకీ మధ్య సెకనుకి ఎన్ని పేజీలు కదిలాయో చెప్పేది) కూడా అంతే. ప్రోగ్రామ్‌లు మామూలుగా ఫైళ్లని మెమరీలోకి మ్యాప్ చేసుకుని చదివినా అది పెరుగుతుంది. అది ఎగిరినంత మాత్రాన ర్యామ్ చాలడం లేదని కాదు.

టాస్క్ మేనేజర్‌లోని సీపీయూ శాతంతో ఇది సరిపోవట్లేదని కంగారు పడకండి. విండోస్ 8 నుంచి టాస్క్ మేనేజర్ ప్రాసెసర్ యుటిలిటీ అనే వేరే కొలత వాడుతూ వచ్చింది, 2025లో వచ్చిన విండోస్ 11 అప్‌డేట్లతోనే అది మారింది. ప్రాసెసర్ ఎంత వేగంతో నడుస్తోందో కూడా ఆ కొలతలో కలుస్తుంది. రెండూ కచ్చితంగా కలవాల్సిన పనిలేదు.

స్కేల్: అందరూ బోల్తా పడేది ఇక్కడే

గ్రాఫ్ నిలువు కొలత సున్నా నుంచి వంద. మీ ఐదు కౌంటర్లలో ఈ కొలతకి సరిగ్గా సరిపోయేది ప్రాసెసర్ శాతం ఒక్కటే. ఖాళీ మెమరీ వేల మెగాబైట్లలో ఉంటుంది. డిస్క్ ఆలస్యం సెకన్లలో వస్తుంది కాబట్టి 0.004 లాంటి అంకె ఉంటుంది. నెట్‌వర్క్ లక్షల బైట్లు. వీటన్నిటినీ ఒకే గళ్ల కాగితం మీద గీయాలంటే ఒక్కోదాన్ని పదితోనో, వందతోనో, వెయ్యితోనో హెచ్చించాలి, లేదా భాగించాలి. ఆ గుణకమే స్కేల్. అది సరిగా లేకపోతే గీత పైఅంచుకి తగులుతుంది, లేదా అడుగు వదలదు. రెండు సందర్భాల్లోనూ గీత మీకు ఏమీ చెప్పదు.

ఇక్కడ చాలామంది చేసే పని: కౌంటర్లన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ కొట్టి 'స్కేల్ సెలెక్టెడ్ కౌంటర్స్' నొక్కడం. ఒక్క క్షణంలో గీతలన్నీ మధ్యలోకి వచ్చి చూడముచ్చటగా కనిపిస్తాయి. ఇది చేయకూడదు. ఆ క్షణంలో తెర మీదున్న విలువల్ని బట్టి విండోస్ ఒక స్కేల్ ఎంచుతుంది. మీరు స్కేల్ చేసినప్పుడు డిస్క్ ఖాళీగా ఉందనుకోండి, దానికి తగ్గట్టు పెద్ద గుణకం పెట్టేస్తుంది. పదినిమిషాల తర్వాత డిస్క్ మీద అసలైన భారం పడగానే గీత పైఅంచు దాటిపోతుంది. సరిగ్గా మీరు చూడాల్సిన ఘట్టమే కనబడదు.

ఇంకో ప్రమాదం ఇంతకన్నా పెద్దది. రీడ్‌కి ఒక స్కేల్, రైట్‌కి పదింతల స్కేల్ పడిందంటే తెర మీద రెండు గీతలూ ఒకే ఎత్తులో కనిపించొచ్చు. నిజానికి ఒకటి రెండోదానికి పదింతలు. గజాలతో కొలిచిన స్థలాన్నీ, అడుగులతో కొలిచిన స్థలాన్నీ పక్కపక్కన పెట్టి రెండూ సమానం అన్నట్టే ఇది. ఒకే కొలమానం ఉన్న కౌంటర్లకి ఒకే స్కేల్ ఉండాలి, దీనికి మినహాయింపు లేదు.

కాబట్టి చేత్తోనే పెట్టండి. కింద జాబితాలో కౌంటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే డేటా ట్యాబ్‌లో స్కేల్ ఉంటుంది. పది ఘాతాలే (0.01, 0.1, 1, 10, 100 లాంటివి) దొరుకుతాయి, మధ్యలో అంకెలు ఇవ్వలేరు. ప్రాసెసర్‌కి 1. డిస్క్ కౌంటర్లు రెండిటికీ 1000, అప్పుడు సెకన్లు మిల్లీసెకన్లవుతాయి, గ్రాఫ్ పైఅంచు వంద మిల్లీసెకన్లు. ఎస్ఎస్‌డీ బాగున్నంత కాలం ఈ గీతలు నేలకి అంటుకునే పాకుతాయి, అది సరైనదే. 20, 25 దాటి చాలాసేపు అక్కడే నిలబడితే డిస్క్‌ని అనుమానించండి. మెమరీకి మీ ర్యామ్‌ని బట్టి: 8 జీబీకి 0.01 సరిపోతుంది, 80 దగ్గర ఆగుతుంది. 16 జీబీలోనూ ఖాళీ పదివేల మెగాబైట్లు దాటనంత వరకు 0.01 చాలు. 32 జీబీకి 0.001. నెట్‌వర్క్‌కి 0.000001 పెడితే గీత సెకనుకి ఎన్ని మెగాబైట్లో చెబుతుంది. 100 ఎంబీపీఎస్ లైన్ అయితే దాని గరిష్ఠం 12.5 దగ్గర కనిపిస్తుంది.

స్కేల్ మారేది గీతకి మాత్రమే. గ్రాఫ్ కింద లాస్ట్, యావరేజ్, మినిమమ్, మాక్సిమమ్ అని వచ్చేవి అసలు విలువలే. గీత చూసి అనుమానం వస్తే కౌంటర్‌ని ఎంచుకుని ఆ అంకెలు చదవండి. ఎవరికైనా పంపేటప్పుడు గ్రాఫ్‌తో పాటు కింద జాబితాలోని స్కేల్ వరస కూడా ఫొటోలో పడాలి. లేకపోతే నేనైతే చూడను.

రంగులు, వ్యవధి

ప్రాసెసర్ ఎరుపు, మెమరీ నీలం, డిస్క్ నలుపు, నెట్‌వర్క్ ఆకుపచ్చ. గీత మందం మూడు. కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే ఎంచుకున్న గీత ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. మామూలుగా సెకనుకొకసారి కొలిచి, 100 సెకన్లు చూపిస్తుంది. రెండు నిమిషాలైనా లేని దాంట్లో ఏం తెలుస్తుంది? ప్రాపర్టీస్, జనరల్ ట్యాబ్‌లో 5 సెకన్లకొకసారి, వ్యవధి 600 సెకన్లు అని పెట్టండి.

సేవ్ చేయడం

విండో మూస్తే ఇదంతా పోతుంది. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి 'సేవ్ సెట్టింగ్స్ యాజ్' అంటే హెచ్‌టీఎం ఫైల్ వస్తుంది. దాన్ని డబుల్ క్లిక్ చేసి తెరుద్దామనుకోకండి. అది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో నడిచే రోజుల నాటిది, ఆ బ్రౌజర్‌ని మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లో ఆపేసింది. ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, అంతా కాపీ చేసి, పర్ఫార్మెన్స్ మానిటర్ టూల్‌బార్‌లోని 'పేస్ట్ కౌంటర్ లిస్ట్' నొక్కండి. కౌంటర్లు వచ్చేస్తాయి. స్కేళ్లు ఒకసారి సరిచూసుకోండి.

రాత్రంతా గమనించాలంటే ఈ గ్రాఫ్ తెరిచి పడుకోవడం కాదు. ఎడమపక్క పర్ఫార్మెన్స్ మానిటర్ మీద రైట్ క్లిక్ చేసి, న్యూ, డేటా కలెక్టర్ సెట్ అని ఎంచుకుంటే ఇవే కౌంటర్లతో లాగ్ తయారవుతుంది. ఫైళ్లు మామూలుగా సి డ్రైవ్‌లో పర్ఫ్‌లాగ్స్ ఫోల్డర్‌లో పడతాయి. స్టాప్ కండిషన్‌లో వ్యవధి తప్పక పెట్టండి, లేకపోతే మీరు ఆపేదాకా రాస్తూనే ఉంటుంది.

కౌంటర్ పేర్లకి బదులు అంకెలు కనిపిస్తుంటే, లేదా జాబితాలో కొన్ని అసలే లేకపోతే రిజిస్ట్రీలోని (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) కౌంటర్ల సమాచారం చెడిపోయి ఉండొచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎల్, ఓ, డి, సి, టి, ఆర్, తర్వాత ఒక ఖాళీ, స్లాష్, పెద్ద ఆర్ టైప్ చేసి ఎంటర్ కొట్టండి. సిస్టమ్ రీస్టార్ట్ చేసి, ప్లస్ గుర్తు దగ్గర మళ్లీ మొదలుపెట్టండి.