తుఫాను డబ్బాలో అటుకులు మెత్తబడకుండా

కోస్తాలో అక్టోబరు, నవంబరు తుఫానులకు పొయ్యి వెలిగించే వీలు లేకపోయినా ఆదుకునేవి అటుకులు, పుట్నాలు, బెల్లం. అటుకుల్ని ఒక పూట ఎండలో పోసి, పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తండి. అందరూ తొందరపడేది ఇక్కడే. వేడి మీద మూత బిగిస్తే లోపల ఆవిరి చెమర్చి ముక్కవాసన, ఆపైన బూజు. గుప్పెట్లో నలిపితే కరకరమనాలి. వంగిందంటే మళ్లీ ఎండకే. బెల్లం చెమ్మ పీలుస్తుంది, దాని డబ్బా వేరు. రెండు కిలోల డబ్బా ఒకటి కన్నా అరకిలోవి నాలుగు మేలు: ఒకటి తెరిచినా మిగతావాటికి తేమగాలి తగలదు. నీళ్లొచ్చే ఇళ్లలో అటక మీద పెట్టండి, రేకుల కప్పుకు ఆనించి మాత్రం వద్దు, వేడికి పుట్నాలు పాతనూనె వాసన వేస్తాయి. మూత మీద తేదీ రాసి, మూడు నెలలకోసారి ఉప్మాకు వాడేసి కొత్తవి నింపండి.